పడుగుకు కట్టిన బుడంకాయ

ఎమ్మిగనూరులో మా అత్తగారి వీధి వీధంతా చేతిలో పని ఆడికాడికి వదిలేసి ఒక కుక్క వెంట పరిగెత్తిన పొద్దు ఒకటుంది. ఆ కుక్క మాది. దాన్ని అట్ల పరిగెత్తించిన మహాతల్లిని నేనే. మా వీధిలో ఎవర్నడిగినా ఈ కథ చెప్తారు, కాకపోతే ఒక్కొక్కరు ఒక్కో గజం పెంచి చెప్తారు. పోయేది నా పరువే కాబట్టి, సరిగ్గా పోయేది నేనే దగ్గరుండి చూసుకుంటా.

నాది ఆదోని. మా నాయనది బట్టల అంగడి. చీర మడత విప్పకుండా దాని సంగతంతా చెప్పగలననే పొగరు నాకు బాగా ఉండేది. పెండ్లయి నేతగాళ్ళ ఇంటికి వచ్చినాక గాని తెలియలేదు, నాకు తెలిసింది చీర అమ్మడమేనని, చీర పుట్టేది నేను ఎప్పుడూ చూడలేదని. ఆ ఇంట్లో తెల్లారితే మామ ఒక మగ్గం గుంతలో, మా ఆయన ఇంకో మగ్గం గుంతలో, అత్త రాట్నం ముందర. ముగ్గురూ పనిలో దిగితే ఆ టకటకలో నా మాట నాకే వినపడేది కాదు. కొన్నాళ్ళు గోడలతో మాట్లాడినాను. గోడలు మర్యాదస్తులు, ఎదురు చెప్పవు, కానీ ఎంతకని మాట్లాడేది?

అట్లాంటప్పుడు దిగినాడు మా అన్న, ఆదోని బస్సులో, చంకలో అట్టపెట్టెతో. పెట్టెలో బీగిల్ కుక్కపిల్ల. నలుపు, తెలుపు, గోధుమరంగు మూడూ కలిపి, ఆరేసిన చేతిరుమాళ్ళ మాదిరి రెండు చెవులు.

"పిల్లలు అడిగితే కొంటిని. బంగారం లాంటి కుక్క. నీకు తోడుంటుందని తెచ్చినా," అన్నాడు.

సొంత అన్న బంగారాన్ని ఊరికే ఇచ్చేటప్పుడే అనుమానం రావాల. నాకు రాలేదు. అది మా వదిన చెప్పులన్నీ ఎడమకాలివి మటుకే ఏరుకొని తినిందని, "ఇంట్లో అదన్నా ఉండాల, నేనన్నా ఉండాల" అని ఆమె మెట్లమీద కూర్చునిందని నాకు తర్వాతెప్పుడో తెలిసింది.

అత్త వచ్చి పెట్టెలోకి తొంగి చూసింది. "ఇదేందమ్మే, చేలో కాసే బుడంకాయ మాదిరి గుండ్రంగా ఉంది," అనింది. మా అన్న పెట్టిన రాకీ అనే పేరు ఆ పొద్దే పోయింది. బుడంకాయ అంటేనే తోకాడించేది.

బీగిల్‌ను పెంచనివాళ్ళకు ఒక మాట చెప్పాల. దేవుడు ముందు ముక్కును చేసినాడు. అది ఒక్కటే తిరగలేదు కదా అని దానికి నాలుగు కాళ్ళు, ఒక తోక తగిలించినాడు. అదే బీగిల్. మూడిండ్ల అవతల చెనిక్కాయలు వేయిస్తే మా ఇంట్లో ఇది లేచి నిలబడేది. బీరువాలో దాచిన చెక్కిలాలు, మామ అంగీ జేబులో వక్కపొడి, అన్నీ దాని లెక్కలోకి వచ్చేవి. ఫోన్లో వీడియోలు చూసి నేను దానికి చదువు చెప్పినాను. "కూర్చో" అంటే నా మొహం చూసేది. "రా" అంటే పోయేది. చెనిక్కాయ చూపిస్తే మటుకు కూర్చోడం, లేవడం, దొర్లడం అన్నీ ఒకేసారి చేసి చూపించేది.

ఒక దినం దారం కండె ఒకటి నోట కరుచుకొని ఇల్లంతా ఊరేగింది. వంటింట్లో మొదలైన దారం దేవుని గూటికి రెండు చుట్లు చుట్టి మామ కాళ్ళ కాడ తేలింది. మామ గొంతు పెంచే మనిషి కాదు. ఆయనతో భయమంతా అదే.

"అమ్మా రేణుకా," అన్నాడు. "కండె అంటే పోనీలే. పడుగు జోలికి వస్తే మటుకు దీనికి ఆదోని బస్సే."

"రాదు మామా. దానికి నేను పూచీ."

"నీకు పూచీ ఎవరమ్మే?" అనింది అత్త, రాట్నం ఆపకుండానే.

పడుగంటే చీర నిలువు దారాలు. మగ్గం ఎక్కించే ముందు ఆ దారాలన్నిటినీ వీధి పొడుగునా సాగదీసి, అటు ఇటు తాళ్ళతో గుంజలకు బిగించి, గంజి పట్టించి కుంచెతో దువ్వుతారు. గంజి ఆరేలోపల పని అయిపోవాల. పోగుకు పోగు అతుక్కుంటే ఇంటిల్లిపాది కష్టం మట్టిపాలే. అందుకే ఎవరి పడుగైనా వీధంతా వచ్చి చెయ్యేస్తుంది.

ఆ ఆదోని బస్సు మాటతో నాకు రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. నా సోదంతా తల వంచి, చెవులు ఆడిస్తా వినేది ఆ ఇంట్లో అదొక్కటే. అది పోతే నేను మళ్ళీ గోడల కాడికే పోవాల.

మా పడుగు వీధిలోకి వచ్చిన దినం పొద్దున్నే బుడంకాయను గదిలో వేసి గొళ్ళెం పెట్టినాను. బీగిల్ మొరగదండీ, రాగం తీస్తుంది. ఊళ్ళో పెద్దమనిషి ఎవరో పోయినట్లు ఎత్తుకుంది.

"పడుగు ఎత్తిన పూట ఇంట్లో ఏడుపేందమ్మే?" అనింది అత్త. "దాన్ని తీసుకొని ఆ సందు మలుపు కాడికి పో. పని అయ్యేదాకా ఈ దిక్కు రావద్దు."

పోయినాను. సందు మలుపులో ఎవరిదో ట్రాక్టరు ట్రాలీ నిలబెట్టి ఉంది. దాని ఇవతల మేమిద్దరం. అది నేల వాసన చూస్తాంది, నేను దాన్ని చూస్తాండా. ఎంత ప్రశాంతం అంటారు. అప్పుడు మా ఆయన కేక వినపడింది. "రేణుకా, లోపల ఇంకో గంజి గిన్నె ఉంది చూడు. బిరీన తీసుకరా, ఆరిపోతాంది."

కుక్కను యాడ కట్టేది? మెడ నుంచి వేలాడే బెల్టును ముందు దినమే అది నమిలేసింది, జానెడు మిగిలింది. ట్రాలీ పక్కన మంచి గుంజ ఒకటి కనపడింది. కానీ జానెడు బెల్టు గుంజ చుట్టూ తిరిగేది యాడ? నా అదృష్టం చూడండి, ఆ గుంజకు ముందే ఎవరో తాడు బిగించినారు. కట్టగా మిగిలిన కొస మూరెడు కిందికి వేలాడుతాంది. ఆ కొసను తెచ్చి బెల్టుకు ముడేసినాను. ముడి మీద ముడి, దాని మీద ఇంకోటి. మా నాయన అంగట్లో బట్టల మూటలు కట్టిన చేతులు ఇవి. ఆ తాడు రెండో పక్క ట్రాలీ వెనక్కి పోయి ఏమైందో చూడాలని నాకు తోచలేదు.

గంజి గిన్నె తెచ్చి అత్త పక్కన పెట్టినాను.

"కుక్క యాడ?" అనింది.

"కట్టేసినా అత్తా. గుంజకు."

"ఏ గుంజకు?"

"ఆ ట్రాలీ వెనక బర్రెను కట్టే గుంజ ఉంది కదా, దానికి."

అత్త చేతిలో కుంచె నిలబడిపోయింది. "మన వీధిలో బర్రె ఎవరికుందమ్మే?" అనింది.

నేను జవాబు ఆలోచిస్తాండగానే సందు మలుపులోకి బొరుగుల ఉగ్గాని, బజ్జీలు అమ్మే మాబున్న బండి వచ్చింది. నూనెలో మిరపకాయ బజ్జీలు చుయ్యిమన్నాయి. పడుగు ఒకసారి వణికింది.

అది పడుగు గుంజ. దానికి మామ వేసే ముడి కొస లాగితే ఊడే ముడి. పని కాగానే సులువుగా విప్పేదానికని అట్ల వేస్తారు. ఆ కొస ఇప్పుడు బుడంకాయ మెడలో ఉంది. గంజి తడి మీదున్న పడుగు వీధి ఆ చివర నుంచి ఈ చివర దాకా నీరసం వచ్చినట్లు కిందికి దిగింది. దిగి ఊరుకోలేదు. ట్రాలీ దిక్కు పాకడం మొదలుపెట్టింది.

"పట్టుకోండప్పా," అన్నారు ఎవరో. అందరూ కుక్క వెంట పడినారు. అందరూ పరిగెత్తేది చూసి ఇదేదో ఆట అనుకొని బుడంకాయ ఇంకా వేగం పెంచింది.

"కుక్కను కాదురా, తాడును పట్టుకోండి," అని అరిచినాడు మామ. ఆయన గొంతు అంత ఉందని నాకు ఆ పొద్దే తెలిసింది.

కుక్కతోక పట్టుకొని గోదారి ఈదలేరంటారు. మా పక్క గోదారి లేదు, ఉండేది తుంగభద్ర. తోక కూడా నాకు అందలేదు. అందింటే అది కూడా పట్టుకునేదాన్నే, అంత తెగించి పరిగెత్తినా. నేను పోయేసరికి బుడంకాయ మాబున్న బండి చక్రానికి రెండు చుట్లు తిరిగి, ఇంక తాడు చాలక, ఆయన ముందర బుద్ధిగా కూర్చునింది. ఇన్నాళ్ళు నేర్పించిన కూర్చోడం అదొక్కసారే పక్కాగా కుదిరింది.

"ఏం అక్కా," అన్నాడు మాబున్న, చక్రాన్ని, చక్రానికున్న తాడును, తాడు వెనక ఉన్న మా వీధిని చూసి. "మీ కుక్క బజ్జీకి వచ్చినాదా, నాకు చీర పెట్టేకి వచ్చినాదా?"

నవ్వే ఓపిక ఎవరికీ లేదు. "గంజి ఆరకముందే ఎత్తండి," అన్నాడు మామ. ఇంక చూడండి, పిల్లాజెల్లా అందరూ వంగి పడుగును చేతుల మీద ఎత్తుకొని, అంగుళం అంగుళం వెనక్కి నడిచినారు. మాబున్న పొయ్యి ఆర్పి ఆయన కూడా ఒక చెయ్యేసినాడు. మళ్ళీ బిగించి, నీళ్ళు చిలకరించి, ఇసక రాలేదాకా దువ్వినారు. నేను ఏడుస్తా దువ్వినాను. పడుగు దక్కింది. తెగిన పోగులు మటుకు కుప్పలున్నాయి, ఒక్కోటి చేత్తో అతకాల. బుడంకాయ ఒక మూలన రాలిన గంజి నాకుతాంది.

పని అయినాక అందరూ అరుగుల మీద ఉగ్గాని తింటాండారు. మామ దాని మెడలో నా ముడిని విప్పబోయినాడు. గోరుతో లాగినాడు, పంటితో లాగినాడు. చివరికి బ్లేడు తెప్పించి కోసినాడు.

"ఆదోని బస్సు ఎన్నింటికిరా?" అని మా ఆయన్ని అడిగినాడు.

చేతిలో ఉగ్గాని అరుగు మీద పెట్టేసి మామ ముందరకు పోయినా. "మామా, దాని తప్పేం లేదు. కట్టిన తాడుకే అది కట్టుబడి ఉండింది. తప్పంతా నాదే," అన్నాను. కండ్లల్లో నీళ్ళు దూకినాయి.

"మేమూ అదే కదా అంటాండేది," అనింది అత్త. బజ్జీలో మిరపకాయ తీసేసి, పిండి మటుకు బుడంకాయ నోట్లో పెట్టింది. "కుక్కను ఎవరు పంపుతాండారు? అది ఈడనే ఉంటుంది. ఈ పోగులన్నీ అతికి పడుగు మగ్గం ఎక్కేదాకా నువ్వే పోయి మీ నాయన అంగట్లో కూర్చోమ్మే."

పోయినానండీ. ఆ మధ్యాహ్నం బస్సులోనే. బుడంకాయ అత్త ఒళ్ళో నుంచి తల కూడా ఎత్తలేదు. ఆదోనిలో నన్ను దూరం నుంచి చూసి మా వదిన ముందు తలుపేసుకుంది, కుక్క వెనక్కి వచ్చిందేమోనని.

అందుకని చౌడేశ్వరమ్మ తల్లి సాక్షిగా, పదిమంది ముందర చెప్తాండా. ఈ జన్మలో రెండో కొస యాడుందో చూడకుండా ఏ తాడుకూ ముడి వెయ్యను. కుక్కకు వెయ్యను, బర్రెకు వెయ్యను. మొన్న మా చిన్నాయన కొడుకు పెండ్లిలో ఆడబిడ్డగా తాళికి మూడో ముడి వెయ్యమంటే కూడా చేతులు వెనక్కి పెట్టుకున్నా. పెండ్లికూతురు మంచి పిల్ల, నేను వేస్తే ఇంక బ్లేడు తేవాల్సిందే కదా.