వెర్లిన్ మార్చిన గొట్టాలు

వెర్లిన్ హాగ్‌స్టాడ్ తుపాకులు బాగుచేసే షెడ్డు, నేను పనిచేసే దాణా దుకాణం ఒకే గోడను పంచుకున్నాయి. అతని లేత్ మిషన్ తిరిగితే మా వైపు అరల మీది డబ్బాలు సన్నగా వణికేవి. మిస్సోరీ నదికి పడమట, చుట్టూ నలభై మైళ్ళ మేర ఏ పశువుల రైతుకైనా రైఫిల్ గురి తప్పిందంటే అతని దగ్గరికే వచ్చేవాడు. చాలామంది రైఫిల్ మీది దుర్భిణి చెడిపోయిందని తెచ్చేవాళ్ళు. వెర్లిన్ మాట్లాడకుండా కొసన కెమెరా ఉన్న సన్నటి తీగను తుపాకీ గొట్టంలోకి దూర్చి, తెర వాళ్ళ వైపు తిప్పేవాడు. ఆ తర్వాత ఎక్కువ వాదన ఉండేది కాదు.

మా దగ్గర రైఫిళ్ళకు పని పెట్టేవి ప్రెయిరీ డాగ్‌లు. పేరులో కుక్క ఉన్నా ఉడుత జాతివి. బొరియలు తవ్వి, ఒక్క వేసవిలో పచ్చికబీడును బోడిగుండు చేసేస్తాయి. వాటిని మూడు వందల గజాల నుంచి కొట్టాలంటే చిన్న గుండు, దాని వెనక బోలెడు మందు కావాలి. పేలిన ప్రతిసారీ ఆ మందు మంట, తూటా కూర్చునే గదికి ఎదురుగా మెలిక గాడులు మొదలయ్యే చోటును నాకుతుంది. దాన్నే గొంతు అంటాం. రెండు మూడు వేల తూటాలకు ఆ గొంతు కాలి, పగిలి, ముందుకు జరిగిపోతుంది. అప్పుడిక గుండు గాడుల్ని సూటిగా అందుకోలేదు.

ఆర్డిస్ క్నుడ్‌సన్ మొదటిసారి రైఫిల్ తెచ్చిన రోజు నేనూ అక్కడే ఉన్నాను. ఆమె భర్త లైల్ గుండె ఆగి పోయి అప్పటికి మూడేళ్ళు. అంతకుముందు తుపాకీ ముట్టని మనిషి, అతను పోయాక వచ్చిన వేసవిలో తన బీడు సగం బోడి అయిపోవడం చూసి, లైల్ రైఫిల్ తీసుకుని పికప్ వెనక బల్ల వేసుకుని కూర్చుంది. రెండో వేసవికల్లా ఈ చుట్టుపక్కల మగవాళ్ళు ఆమెతో పందెం కాయడం మానేశారు.

ఇప్పుడు మాత్రం అయిదు తూటాల్లో మూడు తప్పుతున్నాయట. తన చేతులు వణుకుతున్నాయేమోనని డాక్టర్ దగ్గరికి కూడా వెళ్ళొచ్చిందట. వెర్లిన్ తెర తిప్పి చూపించాడు. గొంతు దగ్గర ఇనుము, నీళ్ళింకిన మడుగు అడుగులా నెర్రెలు విచ్చి ఉంది.

"నీ చేతులు బానే ఉన్నాయి అమ్మాయ్. ఇదే అయిపోయింది. కొత్త గొట్టం వెయ్యాలి," అన్నాడు.

ఆర్డిస్ రైఫిల్ చెక్కను రెండు చేతులా పట్టుకుంది. "లైల్ చేతుల్లో వేడెక్కిన గొట్టం ఇది. చెక్క మీద అతని వాసన పోయింది. దీన్ని కూడా తీసేస్తే ఎలా వెర్లిన్? ఇంకేం చెయ్యలేరా?"

వెర్లిన్ తీగ బయటికి లాగి తెర ఆపేశాడు. గొట్టం వెనక అంగుళం కోసి, మళ్ళీ మర చెక్కి, తూటా గదిని కొత్తగా తొలిస్తే కొంతకాలం నడుస్తుందన్నాడు. ఆమె వెళ్ళాక అతను బల్ల సొరుగులోంచి ఒక అట్టముక్క తీసి చూసి, మళ్ళీ లోపల పెట్టేయడం గమనించాను. ఏంటని అడిగితే, ఏం లేదన్నాడు.

ఆ పని వారం పట్టింది. కానీ నెర్రెలు అంగుళంతో ఆగలేదు. ఒక్క వేసవి గడిచేసరికి మళ్ళీ గురి చెదిరింది. ఆమె రోజంతా కూర్చుని పది కొడితే నాలుగు తగిలేవి. బొరియలు కంచె దాటి ఎండుగడ్డి పొలంలోకి వచ్చేశాయి. ఆ చలికాలం ఆమె తన ఆవులకు గడ్డి బయట నుంచి తెప్పించింది. ఆ లారీ మా దుకాణం ముందు నుంచే పోయింది. కిటికీలోంచి చూసిన వెర్లిన్ ఆ పూట కాఫీ ముట్టలేదు. అప్పుడు చెప్పాడు నాకు ఆ అట్టముక్క సంగతి.

వసంతంలో ఆర్డిస్ వచ్చింది. ఈసారి వెర్లిన్ కెమెరా తియ్యలేదు. ఆమెను కూర్చోమని, అట్టముక్క ఆమె చేతిలో పెట్టాడు. ఆ రైఫిల్‌కు ఎప్పుడెప్పుడు ఏ గొట్టం వేశాడో, ఏది ఎన్ని తూటాలు కాల్చిందో అందులో ఉంది.

"లైల్ మూడు గొట్టాలు కాల్చేశాడు. ఇది నాలుగోది. అతను పోయే ముందు శరదృతువులో వేశాను. దీంతో అతను కాల్చినవి తొంభై. మొదటిసారి తెచ్చినప్పుడు నువ్వు లెక్క చెప్పిన రెండు వేల ఏడు వందలూ, ఆ తర్వాతవీ నీవే. ఈ గొంతు కాల్చింది నువ్వే అమ్మాయ్."

ఆమె ఆ అట్టను రెండుసార్లు చదివింది. "నాకెప్పుడూ చెప్పలేదే అతను."

"క్లీనింగ్‌కి ఇచ్చానని చెప్పేవాడు. ఖర్చు తెలిస్తే తిడతావని, నీతో అనొద్దని నా దగ్గర మాట తీసుకున్నాడు."

"మరి పోయినేడాది? నేనలా బతిమాలుతుంటే మీరు చూస్తూ ఊరుకున్నారా? ఆ గడ్డి అంతా పోయింది వెర్లిన్."

"ఊరుకున్నాను. తప్పే. నువ్వు దాన్ని అలా పట్టుకునుంటే నోరు రాలేదు."

ఆమె రైఫిల్ అక్కడే వదిలేసి వెళ్ళిపోయింది. మూడు వారాలు రాలేదు. ఆదివారం చర్చిలో అతనికి దూరంగా, అటు వరసలో కూర్చునేది. వెర్లిన్ బరువు తగ్గాడు. నాకు కనిపించినంత వరకు ఆ రోజుల్లో అతను లేత్ తిప్పింది తక్కువ, తుడిచింది ఎక్కువ.

నాలుగో వారం ఆమె పుల్లటి రూబార్బ్ కాడలతో చేసిన తీపి రొట్టె పళ్ళెం ఒకటి పట్టుకుని నేరుగా షెడ్డులోకి నడిచింది. నేను గోడకు ఇవతల, మధ్య తలుపు దగ్గర మూటలు సర్దడం ఆపేశాను.

"ఒకటడుగుతాను. పదిహేనేళ్ళలో మూడుసార్లు, ఒక్కోసారి నెల పట్టే క్లీనింగా? నేనెలా నమ్మాను?" అంది. అడుగుతూ అడుగుతూనే నవ్వు ఆపుకోలేకపోయింది. వెర్లిన్ కూడా నవ్వాడు. ఆ నవ్వులోనే ఆమెకు ఏడుపు వచ్చింది. అతను చెయ్యి తుడుచుకునే గుడ్డ ఇవ్వబోయి, దానికి గ్రీజు ఉందని వెనక్కి తీసుకుని, తన చేతిరుమాలు ఇచ్చాడు.

కొత్త గొట్టం తయారీదారు దగ్గర నుంచి రావడానికి అయిదు నెలలు పడుతుందని తేలింది. ఈలోగా వేసవి పోతుంది. వెర్లిన్ లోపలికి వెళ్ళి తన సొంత రైఫిల్ తెచ్చాడు. ముప్ఫై ఏళ్ళలో దాన్ని అతను ఎవరికీ ఇవ్వడం నేనెరగను. పదేసి కాల్చి, గొట్టం చేత్తో ముట్టుకోగలిగేంత చల్లారాకే మళ్ళీ మొదలుపెట్టాలని మాత్రం గట్టిగా చెప్పాడు. ఆ తర్వాత రెండు శనివారాలు తానూ ఆమె పికప్ వెనక దుర్భిణి పట్టుకుని కూర్చున్నాడు. గాలి ఎటు వీస్తోందో చెప్పడం అతని పని. డెబ్భై నాలుగేళ్ళ మనిషికి ఎండదెబ్బ తగులుతుందని ఆమె గొడుగు తెచ్చి అతని పక్కన నేలలో గుచ్చిందట.

ఆగస్టు కల్లా బొరియలు కంచెకు అవతలికి తగ్గాయి. గొట్టం అక్టోబరులో వచ్చింది. వెర్లిన్ బిగించాక మొదటి అయిదు తూటాలు గురి కాగితం మీద ఒక్క బొత్తం పెట్టేంత జాగాలో పడ్డాయి. ఆ కాగితాన్ని ఆర్డిస్ మడిచి కోటు జేబులో పెట్టుకుంది. పాత గొట్టం ఏం చెయ్యమంటావని అడిగితే, టమాటా మొక్కకు ఊతంగా పాతుతానని చెప్పి తీసుకెళ్ళింది.

అయిదో గొట్టం నాలుగు వేసవులు నడిచింది. దాని గొంతు కాలిందని ఆమే ముందు కనిపెట్టి, కెమెరా చూడకుండానే చెప్పింది. అప్పటికి వెర్లిన్ రెండు కళ్ళకూ శుక్లాల ఆపరేషన్ అయింది. ఆమె తీగను గొట్టంలోకి దూర్చి తెర అతని వైపు తిప్పింది. అతను అద్దాలు సవరించుకుని చూసి, నిజమేనన్నాడు.