టీవీ అమ్మాయికి రాసిన తొమ్మిది ఉత్తరాలు

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది, వానాకాలం. కాకినాడలో తహసీల్దారు ఆఫీసు వరండాలో కూర్చుని జనానికి అర్జీలు రాసిపెట్టడం నా పని. వేటకెళ్ళిన బోటొకటి బోల్తా పడిందన్న కబురు నాకు మొదట తెచ్చింది గేటు పక్కన టీ కాచే వరలక్ష్మి గారు. "ఐదుగురూ ఒడ్డుకు చేరారటండీ. లోకల్ ఛానల్లో వార్తలు చదివే అమ్మాయి పేర్లతో సహా చదివింది," అన్నారు. భగవంతుడికి దణ్ణం పెట్టుకుని పనిలో పడ్డాను.

చేరింది నలుగురే.

ఐదో మనిషి పేరు నూకరాజు. పది రోజులయ్యాక అతని భార్య కాసులమ్మ నా బల్ల ముందుకొచ్చింది. ఎండుచేపలు అమ్ముకునే మనిషి. "చెయ్యి జారిపోయాడంటున్నారండీ ఆ నలుగురూ. మరి చేరాడని టీవీలో చెప్పారు కదా? ఆ అమ్మాయి గారు చూడకుండా చెప్తారేంటి? ఎక్కడ చేరాడో ఆవిణ్ణి అడుగుతూ రాయండి."

మనిషి దొరకనప్పుడు దర్భలతో బొమ్మ చేసి దహనం చేయిస్తారు వాళ్ళ పేటలో. పెద్దలు అప్పటికే రెండుసార్లు అడిగారు. టీవీ అమ్మాయి జవాబు చెప్పేదాకా బొమ్మ కట్టనివ్వనని కాసులమ్మ పట్టుబట్టింది.

నేను బడికి వెళ్ళలేదు. మా నాన్నగారే ఇంట్లో పలక మీద దిద్దించారు, అర్జీ రాయడమూ ఆయనే నేర్పారు. పైన 'గౌరవనీయులైన', దాని కింద 'విషయం', అంటే ఏ పని మీద రాస్తున్నామో చెప్పే ఒక్క ముక్క, చివర 'చిత్తగించవలెను'. ఆ పద్ధతి పుణ్యమా అని ఇన్నేళ్ళూ నాకు అన్నం దొరికింది. టీవీ అమ్మాయికీ అలాగే రాశాను.

జవాబు రాలేదు. కాసులమ్మ వారం వారం వచ్చి, "ఇంకోటి రాయండమ్మా," అనేది. రాసేదాన్ని. ఐదో ఉత్తరం దగ్గర్నుంచి, నిజం చెప్పాలంటే, పాతదే చూసి దించేశాను. నాకు ఓపిక అయిపోయింది. ఆమెకు అవలేదు.

"ఈపాటికి ఆ టీవీ పిల్లకి పెళ్ళై వెళ్ళిపోయుంటుంది, మీ ఉత్తరాలు మాత్రం ఆగవు," అని వరలక్ష్మి గారు ఒకరోజు దెప్పారు.

"పెళ్ళైతే మంచిదేగా, చల్లగా ఉండాలి," అంది కాసులమ్మ. "జవాబు రాశాక వెళ్ళమనండి అత్తారింటికి."

ఎనిమిదో ఉత్తరం పోస్టు చేసిన పక్షం రోజులకు లోపలి సెక్షన్ గుమస్తా గారు నన్ను పిలిచారు. ఆయన బల్ల మీద ఎనిమిది కాగితాలున్నాయి. "ఏంటండీ ఇది? మీ చేతిరాతే కదా? టీవీ వాళ్ళ సంగతి మాకెందుకు పంపుతున్నారు?" ఒక్కోదాని మీదా 'మా పరిధిలోనిది కాదు' అని రాసి ఉంది. నేను ఏ గోడకు ఆనుకుని వాటిని రాశానో, ఆ గోడకు అవతలి పక్కనే వచ్చి పడ్డాయి.

ఆ కాగితాలు పట్టుకుని ఆటో ఎక్కి ఛానల్ ఆఫీసుకెళ్ళాను. ముందు బల్ల దగ్గరున్న అమ్మాయి కాగితాలు చూసి, "ఇవి అర్జీలు కదండీ. అర్జీలన్నీ కట్ట కట్టి సోమవారం గ్రీవెన్స్‌లో ఇచ్చేస్తాం," అంది. గ్రీవెన్స్ అంటే కలెక్టరేట్లో జనం మొర వినే రోజు; అక్కడిచ్చిన అర్జీలు ఏ మండలానివి ఆ తహసీల్దారు ఆఫీసుకు పంపుతారు. "న్యూస్ చదివే అక్క చేతికి ఒక్కటీ వెళ్ళలేదండీ."

"ఆ ఐదు పేర్లు ఎక్కడివమ్మా?"

పాత ఫైలు తిరగేసి గొంతు తగ్గించింది. "చేరినవాళ్ళ లిస్టు ఆ రోజు మాకు రాలేదండీ. బోటెక్కినవాళ్ళ లిస్టే చదివేశారు."

ఆ మాట నేనే వెళ్ళి కాసులమ్మకు చెప్పాను. చేపల తట్ట మీద గోనె సర్దుతూ వింది.

"అయితే ఎవరూ చూళ్ళేదన్నమాట."

"చూళ్ళేదు కాసులమ్మా. అర్జీలా రాయడం నా తప్పే. మామూలు ఉత్తరంలా రాసుంటే..."

"మీరేం చేస్తారు లెండి. ఇన్నాళ్ళూ విసుక్కోకుండా రాశారు, అదే చాలు." తట్ట పక్కకు జరిపి అంది: "ఇంకొక్కటి రాయండి. వచ్చాడని చెప్పిన నోటితోనే, నూకరాజు రాలేదని ఒక్కసారి చెప్పమనండి. అది వింటే బొమ్మ కట్టిస్తాను."

ఈసారి 'విషయం' లేదు, 'చిత్తగించవలెను' లేదు. ఆమె అన్న మాటలే రాసి, ముందు బల్ల దగ్గరి అమ్మాయికి ఇచ్చాను. నా ఎదురుగానే తీసుకెళ్ళి అక్క చేతిలో పెట్టింది, ఆమెకు నేను రుణపడి ఉంటాను. ఆ సాయంత్రం నుంచి కాసులమ్మ వరలక్ష్మి గారి కొట్లో టీవీ ముందు నిలబడింది. రోడ్డు గుంతలు చదివారు, రావులపాలెం అరటి గెలల రేట్లు చదివారు. నూకరాజు పేరు చదవలేదు. వారం అలా చూసి, "పాపం, వాళ్ళకెన్ని వార్తలో," అని ఆమె పేటకు వెళ్ళిపోయింది. మర్నాడు బొమ్మ కట్టారు.

ఇప్పుడు ఎవరొచ్చినా, కాగితం తీసే ముందు ఇది ఏ మనిషి చేతికి వెళ్తుందని అడుగుతాను. మొదటి రోజే అడిగుంటే ఆమెకు అన్ని వారాల ఎదురుచూపు తప్పేది. ఆలస్యంగానైనా తెలిసినందుకు భగవంతుడికి దణ్ణం పెట్టుకుంటాను. మనసు మాత్రం ఇంకా అలిసిపోయే ఉంది.

చదివిన మీరు ఒక్క సాయం చేయండి. నూకరాజు అనే మనిషి వేటకెళ్ళాడు, తిరిగి రాలేదు. గుర్తుపెట్టుకోండి.