నాలుగో డివిజన్ ఫార్వర్డ్ మా ఇంట్లో భోంచేసిన రోజు

మీ అమ్మాయి బంతి వెనక పరుగెత్తుతున్నప్పుడు, దీనివల్ల రేపు ఏమొస్తుందని ఆలోచించకుండా మీరు ఒక్క ఆటైనా చూశారా? నేను చూడలేదు. చూసే అవకాశం నాకు నాలుగేళ్లపాటు ప్రతి శనివారం దొరికింది. ఇప్పుడు అలాంటి ఒక్క ఉదయం కోసం ప్రాణం కొట్టుకుంటోంది.

అప్పట్లో అమెరికాలో, ఆష్‌బర్న్‌లో ఉండేవాళ్లం. కిటికీలు లేని డేటా సెంటర్ల వెనక పిల్లల సాకర్ మైదానం ఉండేది. మా అమ్మాయి టీమ్‌కి కోచ్ ఇంగ్లండ్ మనిషి. అక్కడ మూడు, నాలుగు డివిజన్లలో, అంటే కింది స్థాయి క్లబ్బుల్లో, పదకొండేళ్లు ఫార్వర్డ్‌గా ఆడాడు. ఆరు ఊళ్లు, ఆరు రంగుల చొక్కాలు. మోకాలికి రెండు ఆపరేషన్లయ్యాక ఆట ఆగిపోయింది. కొంచెం కుంటుతూ, ఒకప్పుడు ఏదో ఊరి జనం తన మీద కట్టిన పాటను గొణుక్కుంటూ, గడ్డి మీద కోన్లు పేర్చేవాడు.

టీమ్‌లో సగం మంది మన తెలుగు పిల్లలే. ఒక సీజన్ మొదటి ఆట శనివారం పది గంటలకు పెట్టారు. ఎనిమిది మంది ఆడాల్సిన చోట ఐదుగురే నిలబడ్డారు. మిగిలిన పిల్లలు బూట్లు వేసుకుని, పార్కింగ్ లాట్‌లో కార్లలోనే కూర్చున్నారు.

"అక్కడున్నది మన టీమ్ పిల్లలే కదా? ఎందుకు దిగరు?" అని కోచ్ నన్నడిగాడు.

శనివారం తొమ్మిది నుంచి పదిన్నర దాకా రాహుకాలమని, ఆ వేళ కొత్త పని మొదలుపెట్టరని చెప్పాను. చెబుతుంటే సిగ్గేసింది.

ఆయన తలూపాడు. "నేను ఎప్పుడూ ఎడమ బూటే ముందు వేసుకునేవాణ్ణి. ఒకసారి మర్చిపోయి కుడిది వేశా."

"ఏమైంది?"

"రెండు గోల్స్ కొట్టా. అయినా తర్వాతి వారం మళ్లీ ఎడమదే."

నేను నవ్వలేదు. మూఢనమ్మకాల మీద సభల్లో ఉపన్యాసాలిచ్చేవాణ్ణి; ఇలాంటి విషయాల్లో నాకు నవ్వు రాదు. తిన్నగా వెళ్లి ఒక మిత్రుడి కారు అద్దం తట్టాను. "ఏం తమ్ముడూ, ఆఫీస్‌లో సర్వర్ డౌన్ అయితే రాహుకాలం పోయాక రీస్టార్ట్ చేస్తావా?"

"అన్నా, పొద్దున్నే క్లాస్ పీకకు. ఇంకో పావుగంట అంతే."

పక్కనుంచి వాళ్లావిడ అందుకుంది. "మీకేంటండీ, దేవుడే లేడంటారు. గ్రహాలు మిమ్మల్ని ఎప్పుడో వదిలేసుంటాయి."

ఈ వాదనలోనే వెనక తలుపు తీసుకుని వాళ్ల పాప మైదానంలోకి పరుగెత్తింది. దాన్ని చూసి మిగతా కార్లూ ఖాళీ అయ్యాయి. ఆ రోజు మేం ఓడిపోయాం. కానీ నేను మాత్రం గెలిచాననుకున్నాను. చాలా నెలలపాటు ఆ గెలుపు కథ కనిపించినవాళ్లందరికీ చెప్పాను.

ఆ సీజన్ చివర కోచ్ ఒక కాగితం ఇచ్చాడు. మా అమ్మాయిని ట్రావెల్ టీమ్‌కి తీసుకుంటామని అందులో ఉంది. వారానికి మూడు సాయంత్రాలు ప్రాక్టీస్, శని ఆదివారాలు వేరే ఊళ్లలో ఆటలు. సోమవారంలోగా జవాబు చెప్పాలి. మా అమ్మాయికప్పుడు పన్నెండేళ్లు. ఆ కాగితాన్ని దిండు కింద పెట్టుకుని పడుకుంది. ఆ ఆదివారం కోచ్‌ని భోజనానికి పిలిచాం. మిత్రుడి కుటుంబం కూడా వచ్చింది.

గోంగూర పచ్చడితో ఆయన ముఖం ఎర్రబడింది. అయినా రెండోసారి వేసుకున్నాడు. మా మిత్రుడు మనవాళ్ల అలవాటు ప్రకారం అడిగేశాడు. "మరి మీరు పెద్ద క్లబ్‌కి ఎందుకు ఆడలేదు?"

"నేను ఖాళీగానే ఉన్నాను. వాళ్లే అడగడం మర్చిపోయారు."

అందరం నవ్వాం. తర్వాత ఆయన ఒక వానరోజు ఆట గురించి చెప్పాడు. సముద్రపొడ్డున చిన్న ఊరు. చివరి నిమిషంలో తలతో గోల్ కొట్టాడు. వారం వారం తనను బూతులు తిట్టే ఒక ముసలాయన కంచె దాటి వచ్చి, నుదుటి మీద ముద్దు పెట్టి వెళ్లాడు. "ఆయన కోటుకున్న పొగాకు వాసన నాకు ఇప్పటికీ తెలుసు," అన్నాడు. మా అమ్మాయి ముద్ద చేతిలోనే పట్టుకుని వింటోంది.

"ఆ తర్వాత?" అన్నాను నేను.

"ఆ సీజనయ్యాక మేనేజర్ నన్ను చొక్కాలు ఉతికే గది ముందు ఆపి, ఇక అవసరం లేదన్నాడు. లోపల మెషిన్‌లో నా చొక్కా తిరుగుతోంది."

నాకు కావలసిన సాక్ష్యం దొరికింది. అమ్మాయి వైపు తిరిగి, ఆయనకు అర్థం కాదన్న ధీమాతో తెలుగులో అన్నాను. "విన్నావా? అంత బాగా ఆడినాయన కెరీరే ఫెయిల్యూర్. రెండు సర్జరీలు, ఫ్యూచర్ జీరో. ఇక నీ సంగతేంటి?"

ఆయన చెంచా కింద పెట్టాడు. "మీ భాష నాకు రాదు. కానీ అందులో ఐదు ఇంగ్లిష్ మాటలు అర్థమయ్యాయి," అన్నాడు, కోపం లేకుండా. "ఎవరైనా ఇప్పుడు ఆడమంటే, రేపు పొద్దున్నుంచి ఆ పదకొండేళ్లూ మళ్లీ ఆడతాను. ఆ సర్జరీలతో సహా."

ఎన్నో సభల్లో ఎదుటివాళ్ల నోరు మూయించిన నేను, ఆయన పళ్లెంలో ఇంకో గరిటె అన్నం వడ్డించాను. అయినా సోమవారం వద్దనే చెప్పాను. మా అమ్మాయి ఏడవలేదు. "ఇట్స్ ఓకే నాన్నా," అంది. కొన్నాళ్లకు బూట్లు గరాజ్‌లో పై అరలోకి వెళ్లాయి. కోచ్ వేరే రాష్ట్రానికి వెళ్లిపోయాడు.

రేపటికి పనికిరాని గంట వృథా అని నాకెవరు రుజువు చేశారు? ఎవరూ చేయలేదు. మా మిత్రుడు రాహువును నమ్మినట్టే నేను దాన్ని నమ్మాను. అతని రాహుకాలం పదిన్నరకు అయిపోయేది. నేను మాత్రం నా కూతుర్ని ఇప్పటికీ కార్లోనే కూర్చోబెట్టి ఉంచాను.

తనిప్పుడు కాలేజీలో ఉంది. మొన్న సెలవులకు వచ్చినప్పుడు కొత్త బంతి కొన్నాను. "గ్రౌండ్‌కి వెళ్దామా, అమ్మా?"

"ఐయామ్ గుడ్ నాన్నా. యూ గో. నువ్వు వాక్ చెయ్యి."

వెళ్లాను. శనివారం, పది గంటలు. ఎవరి పిల్లో, ఎడమ వైపు బంతి అందుకుని, అచ్చం మా అమ్మాయిలాగే భుజం వంచి మలుపు తిరిగింది. ఆట అయిపోయి, వాళ్లు కోన్లు తీసేసేదాకా అక్కడే నిలబడ్డాను.

మీ గరాజ్‌లో పిల్లకు ఇంకా సరిపోయే బూట్లున్నాయా? పాదం పెరిగిపోకముందే దించండి. ఈ శనివారమే మైదానానికి తీసుకెళ్లండి. గీత ఇవతల నిలబడండి. ఏమొస్తుందని అడగకండి, చూడండి.