చర్చి గుమ్మంలో పోయిన బూట్లు

ఈ రోజు చర్చి గుమ్మంలో నా ముందు పన్ను ఊడింది. మా ఢిల్లీ తెలుగు చర్చిలో చెప్పులు బయట విడవాలి. ఫుట్‌పాత్ మీద పడుకునే రాంలాల్ ఆరాధన తర్వాత మేం పెట్టే భోజనానికొచ్చి బూట్లు విప్పనన్నాడు.

"చాచా, విప్పితే పోతాయి."

"దేవుడింట్లో దొంగలుండర్రా" అని నేనే కాలు పట్టి లాగేశాను.

తిని బయటికొస్తే బూట్లు లేవు. ఈ చలిలో! వాడు నా మూతి మీద గుద్దాడు. మనవాళ్ళు పదిమంది వాణ్ణి కిందపడేసి తన్నారు. వాడి నుదురు చిట్లింది. నేను నెత్తురు ఉమ్మి అరిచాను.

"వదలండ్రా! వాడు కొట్టింది న్యాయమే."

నా బూట్లు వాడికి తొడిగాను. వచ్చే ఆదివారం వాడు బూట్లతోనే లోపలికొస్తాడు. ఆపేవాడి పన్ను నేను ఊడగొడతాను. తప్పంటారా? అయితే కింద కామెంట్లలో రాయండి, చూస్తాను.