చాటకాడ బస్సు ఆగును

ఆ రోజుల్లో ఊళ్లకు దేవుడే పేర్లు పెట్టి భూమ్మీదికి దించాడనుకునేదాన్ని. కొత్తగా కండక్టరునై, ఖాకీ చొక్కాలో మునిగిపోయి (భుజాల కుట్లు మోచేతుల దాకా జారేవి) నవీపేట్ నుంచి బోధన్ పోయే బస్సెక్కాను. ఒక పొద్దున చెరుకు తోటల మధ్య మా డ్రైవరన్న గట్టిగా బ్రేకు వేశాడు. నడిరోడ్డు మీద ఒక చాట, అందులో బీడీ కట్టలు. పక్కనే నడుం మీద చేతులు పెట్టుకొని ఒక అవ్వ. వెనక గుడిసెలు. చెరుకు కొట్టడానికి వచ్చి అక్కడే ఉండిపోయిన వాళ్లవి. వాటికి పేరూ లేదు, స్టేజీ అసలే లేదు.

"అవ్వా, గిది స్టేజీ కాదు!" అని అరిచాను.

"నాకెర్కనే బిడ్డా. బీడీలు పొద్దుగాల కార్ఖానకు చేరకుంటే రేపటికి ఆకియ్యరు, తంబాకియ్యరు. మా పొయ్యిలెట్ల అంటుకుంటయి?"

"పక్కకెళ్లి పోనియ్యన్నా" అన్నాను. డ్రైవరన్న నన్ను చూసిన చూపు ఇప్పటికీ మరవలేదు. "సాటను దాటుకొని పోవాల్నా? బియ్యం చెరిగేదే అది! కాలు తాకితెనే కండ్లకద్దుకుంటం." ఇక రోజూ అదే తంతు. చాట అడ్డం పడేది, బస్సు ఆగేది, బీడీల ఆడవాళ్లు నవ్వుకుంటూ ఎక్కేవాళ్లు.

ఒకనాడు నా ఖర్మకాలి చెకింగు సారు బస్సులో ఉన్నాడు. ఆయన దగ్గితేనే నా సంచిలో చిల్లర గలగలమనేది. "స్టేజీ లేని కాడ ఎందుకాపినవ్? ఇద్దరి నౌకర్లు పోతయ్!" అన్నాడు. డ్రైవరన్న ఇంజను ఆపేశాడు. "మీరే నడుపుండ్రి సార్, నాతోని కాదు." సారు విసవిసా దిగి చాట దగ్గరికి నడిచాడు. అయిపోయింది నా నౌకరీ, అనుకున్నాను. ఆయన ఆగాడు. బూట్లు విప్పాడు. వంగి, చాటను రెండు చేతులా లేపి, కళ్లకద్దుకొని అవ్వ చేతికిచ్చాడు. అబ్బ, ఒళ్లు ఝల్లుమంది!

"ఏ ఊరవ్వా మీది?"

"మాకెవ్వలు పేరు పెడుతరు సారూ?"

సారు నావైపు తిరిగాడు. "రేపటిసంది ఈడ ఆపుండ్రి. ఏమని పిలుస్తవమ్మా?"

"సాటకాడ సార్" అన్నాను. అంతకన్నా తెలివైన మాట తోచలేదు మరి. మర్నాటి నుంచి తలుపు పట్టుకొని "సాటకాడ! సాటకాడ దిగేటోళ్లు!" అని ఎంత దర్జాగా అరిచానో.

మొన్న అదే దారిన వెళ్లాను (బుద్ధిగా టికెట్ కొనుక్కొని, కిటికీ పక్కన కూర్చొని). పక్కా ఇళ్లు, బడి, ఆకుపచ్చ బోర్డు మీద శుభ్రంగా 'చాటకాడ'. అక్కడ దిగబోతున్న పక్కసీటు పిల్లను ఏమీ తెలియనట్టు అడిగాను, "గా పేరెట్లొచ్చిందమ్మా?"

"ఏమోనమ్మా, మా తాతల తాతల కాలంసంది గదే పేరు."

తాతల తాతల కాలం! వదులు ఖాకీ చొక్కాలో మునిగిపోయిన ఆనాటి నాకు ఎవరైనా చెబితే నమ్మేదాన్నా? నవ్వూ ఏడుపూ కలిసే వచ్చాయి. కిటికీలోంచి తల బయటికి పెట్టి చూశాను. రోడ్డుకడ్డంగా ఏమీ లేదు. అయినా బస్సు ఆగింది.