సిస్టరమ్మ తెప్పించిన మంచం

ఇది ఒక మహాయాత్ర కథ. ఏడు పగళ్ళు, ఏడు రాత్రులు, ఒక వీరుడు, ఒక వాహనం, దారిపొడవునా జయజయధ్వానాలు అని మొదలుపెడదామనుకున్నాను. కాని దారి అంటూ ఏమీ లేదు. వాహనం పాత సైకిలు. అది మా ఊరి బడి మైదానంలో పాతిన ఒక వెదురు గడ చుట్టూ తిరిగి తిరిగి, బయలుదేరిన చోటికే వచ్చింది. కనుక దీన్ని మహాయాత్ర అనడం కుదరదు.

మొన్న ఖమ్మంలో రక్తపరీక్షకు వెళితే, అక్కడి అమ్మాయి నా వేలికి స్పిరిట్ దూది రుద్దింది. ఆ చల్లదనం వేలికి, ఆ ఘాటు ముక్కుకు తగలగానే సువార్తమ్మ సిస్టర్ గుర్తొచ్చింది. జ్ఞాపకాలు రాసుకునే వయసు నాకింకా రాలేదు, జుట్టంతా నల్లగానే ఉంది. కాని ఆమెను ఎరిగినవాళ్ళలో రాసే అలవాటున్నవాణ్ణి నేనొక్కణ్ణే. ఆమె దురదృష్టం.

ఎనభైల చివర్లో, ములకలపల్లి దగ్గర ఒక అడవి అంచు ఊళ్ళో నాకు మలేరియా వర్కరుగా టెంపరరీ ఉద్యోగం దొరికింది. సైకిలు మీద గూడేలు తిరగడం, జ్వరం ఉన్నవాళ్ళ వేలు సూదితో పొడిచి రక్తపు చుక్క గాజు పలక మీద పూయడం, నాలుగు గోలీలు మింగించడం, ఇదీ పని. కాగితం మీద నా అధికారి కొత్తగూడెంలో ఉండేవాడు. పని నేర్పింది మాత్రం ఊళ్ళోని చిన్న దవాఖానాలో నర్సుగా ఉన్న సువార్తమ్మ. యాభైకి దగ్గర పడిన పొట్టి మనిషి, తెల్ల చీర, చేతిలో మగవాళ్ళ గొడుగు. చేరిన రెండో నెలలోనే, వాగు దాటడానికి బద్ధకించి, అవతలి గూడేనికి పోకుండానే పోయినట్టు రిజిస్టరులో రాశాను. సాయంత్రం ఆమె రిజిస్టరు తిరగేస్తూ మామూలుగా అడిగింది.

"చివరి ఇంట్ల ముసలమ్మ ఎట్లున్నది శీనూ?"

"మంచిగున్నదమ్మా. నన్ను చూసి నవ్వింది కూడ."

"సోమవారం చచ్చిపోయింది. నేను దగ్గరనే ఉన్న."

అంతే. తిట్టలేదు. తిట్టి ఉంటే ఏదో ఒక జోకు వేసి తప్పించుకునేవాణ్ణి, ఆ విద్యలో నేను దిట్టను. ఆమె గొడుగు తీసుకుని "నడువు" అంది. మోకాలి లోతు వాగు దాటి, ఇద్దరం ప్రతి ఇంటి ముందూ ఆగి, ప్రతి మనిషినీ పేరు పెట్టి పలకరించి వచ్చాం. నా చెప్పుల్లోకి చేరిన వాగు నీళ్ళు ఇంటిదాకా చప్పుడు చేశాయి.

ఆ వేసవిలోనే సైకిల్ రాంబాబు వచ్చాడు. ఊరూరా తిరిగి, ఏడు రోజులు నేలకు కాలు ఆనించకుండా సైకిలు తొక్కి చూపించడం అతని వృత్తి. తిండి, స్నానం, గడ్డం గీసుకోవడం, అన్నీ సైకిలు మీదే. కింద పడేసిన చేతిరుమాలు నోటితో అందుకునేవాడు, ఛాతీ మీద ట్యూబులైట్లు పగలగొట్టించుకునేవాడు. పెనుబల్లిలో ఏడు రోజులు, జూలూరుపాడులో ఏడు రోజులు పూర్తిచేసి మా దగ్గరికి వచ్చాడు. అతనికంటే ముందే అతని అభిమానులు తయారయ్యారు. కిరాయి సైకిళ్ళ షాపు ఎల్లయ్య రెండు ఊళ్ళకూ పోయి చూసొచ్చాడు. కోస్తా నుంచి వచ్చి మిరప వేసుకుంటున్న కృష్ణారావు గారు జూలూరుపాడులో బంధువుల ఇంట్లో ఉండి మరీ చూశారు. రోజూ సాయంత్రం షాపు ముందు ఇద్దరూ ఆ రోజు తొక్కుడు మీద తీర్పులు ఇచ్చేవారు.

"పెనుబల్లిల మూడో రోజు సుత చేతులిడిచి తొక్కిండు. ఈడ రెండో రోజుకే హ్యాండిలు పట్టిండు. పస తగ్గింది" అన్నాడు ఎల్లయ్య.

"పస తగ్గడం కాదయ్యా, అది ప్లాను. ఆఖరి రోజుకి దాచుకుంటున్నాడు. నువ్వు పంక్చర్లేస్తావు గానీ నీకు తొక్కుడు తెలీదు."

"పంక్చర్లు వేసేటోనికే తెలుస్తది సారూ, ఎవడెట్ల తొక్కుతడో."

"ఎట్ల తొక్కితేంది అన్నా, పోయేది ఆ గడ కాడికే గద" అన్నాను నేను. ఇద్దరూ నన్ను దైవదూషణ చేసినవాణ్ణి చూసినట్టు చూశారు. అయినా నోరున్నవాడినని, పగటిపూట తొక్కుడు గురించి జనానికి చెప్పే మైకు నాకే ఇచ్చారు.

నాలుగో రోజు మధ్యాహ్నం, ఎండ మాడ్చేస్తున్న వేళ, రాంబాబు హ్యాండిలు గడగడ ఊగడం మొదలుపెట్టింది. పళ్ళు కొట్టుకుంటున్నాయి. "అది స్టైలండీ, అలా ఆడిస్తే బ్యాలెన్సు కుదురుతుంది" అని కృష్ణారావు గారు వివరించారు. నేను మైకులో, "అన్న చలికాలం వెంబడి తెచ్చుకుండు, ఎవరన్న గొంగడి ఇయ్యుండ్రి" అన్నాను. మైదానమంతా నవ్వింది. రాంబాబు కూడా నవ్వబోయాడు. పెదవులు కుదరలేదు.

సువార్తమ్మ అప్పుడే గూడెం నుంచి వస్తూ గట్టు మీద ఆగింది. ఐదు చుట్లు చూసింది. తిన్నగా నా దగ్గరికి వచ్చింది.

"మైకు కింద పెట్టు. నీ సంచి తే."

"అందరూ నవ్విన్రమ్మా..."

"అవ్, నవ్విన్రు. మైకు నీ చేతిల ఉండె."

ఆ తర్వాత నా ఉద్యోగ జీవితంలోకెల్లా కష్టమైన రక్తపరీక్ష జరిగింది. రాంబాబు ఎడమ చెయ్యి చాపి తొక్కుతున్నాడు, నేను పక్కన పరుగెత్తుతున్నాను. ఒక చుట్టులో స్పిరిట్, రెండో చుట్టులో సూది, మూడో చుట్టులో గాజు పలక. ఆ చెయ్యి పెనంలా కాలుతోంది. జనం మాత్రం దీన్నీ విన్యాసాల్లో కలిపేసి చప్పట్లు కొట్టారు. "రక్తం తీస్తున్నా దిగలేదు చూడండీ!" అన్నారు కృష్ణారావు గారు, కళ్ళు చెమర్చి. పెనుబల్లిలో అతను ఏ రోజు ఎలా తొక్కాడో ఆ మైదానంలో అందరికీ తెలుసు. పొద్దున్నుంచి అతను ఏమీ తినలేదని ఎవరికీ తెలియదు. అతని పక్కనే పరుగెత్తిన నాకు కూడా.

సువార్తమ్మ గొడుగు మూసి అతని పక్కన నడవసాగింది. అంత మెల్లగా తొక్కుతున్నాడు.

"దిగు నాయనా. పడితే తల పగుల్తది."

"దిగితే ఇగ నన్ను ఏ ఊరోళ్ళు పిలువరమ్మా. నాలుగు రోజులకే దిగిండని పాల్వంచ దాకా తెలుస్తది. నాకు ఇంకో పని రాదు."

నేనైతే ఇక్కడ వాదించేవాణ్ణి, లేదా ఒక మాట విసిరేవాణ్ణి. ఆమె రెండూ చెయ్యలేదు. కొంచెం దూరం నడిచి, అభిమానుల వైపు తిరిగింది.

"ఎల్లయ్యా, మీ రూలేంది?"

"కాలు నేలకు ఆనొద్దు సిస్టరమ్మా."

"ఇంకేమన్న ఉన్నదా?"

ఎల్లయ్య కృష్ణారావు గారిని చూశాడు. ఆయన ఆకాశాన్ని చూశారు. "అంతేనండి" అన్నారు చివరికి.

"అయితే మంచం తేండ్రి."

నులక మంచం వచ్చింది. ఇద్దరు సైకిలు పట్టుకున్నారు, నలుగురు రాంబాబును పసిబిడ్డలా ఎత్తి మంచం మీదికి చేర్చారు. కాళ్ళు వేలాడి నేలకు తగిలితే రికార్డు పోతుందని కృష్ణారావు గారే రెండు పాదాలనూ అరచేతుల్లో పట్టుకుని దవాఖానాదాకా నడిచారు. పాతిక ఎకరాల ఆసామి. ఆ పాదాల నిండా నాలుగు రోజుల మైదానం దుమ్ము. అప్పుడు మాత్రం నాకు జోకు తట్టలేదు.

మూడు రోజులు అతను మంచం దిగలేదు. సువార్తమ్మ గంజి తాగించేది, నుదుటి మీద తడిగుడ్డ మార్చేది. ఎల్లయ్య వర్గం, కృష్ణారావు గారి వర్గం వంతులు వేసుకుని పాదాలకు కాపలా కాశాయి. మిగతా అవసరాల ఏర్పాట్లు రాయడం మర్యాద కాదు. రెండు కుర్చీలు, ఆరుగురు మనుషులు పట్టారు. ఏడో రోజు సాయంత్రం మంచాన్ని మైదానానికి మోసుకెళ్ళి అతన్ని సైకిలు మీద కూర్చోబెడితే, ఏడు చుట్లు తొక్కి, గజమాల వేయించుకుని, నేల మీద కాలు పెట్టాడు. సువార్తమ్మ చెప్పిందని మైకు ఈసారీ నా చేతికే ఇచ్చారు. అతని పేరు మాత్రం చెప్పి ఊరుకున్నాను. "పెనుబల్లి కంటే తక్కువే" అన్నాడు ఎల్లయ్య. మంచం రోజుల్ని తొక్కుడులో కలపాలా వద్దా అన్న చర్చ ఆ షాపు ముందు రెండేళ్ళు నడిచింది. ఈలోగా ఆమెకు బదిలీ అయింది.

జోకులు ఇప్పటికీ వేస్తాను, మానే రోగం కాదది. కాని పదిమంది చేరి ఒక మనిషి పనికి మార్కులు వేస్తుంటే, నోరు తెరిచే ముందు ఆ మనిషి మొహం వంక ఒకసారి చూస్తాను. ఒక్కోసారి ఏమీ కనబడదు. ఒక్కోసారి నా జోకు నాతోనే ఇంటికి వస్తుంది. ఆమె నాకు నేర్పింది అంతకంటే పెద్దదేమీ కాదు, నాకు వచ్చింది కూడా అంతే.

ఆ రోజు పరుగెత్తి తీసిన రక్తం రిపోర్టు పన్నెండు రోజులకు వచ్చింది. మలేరియా లేదు. మామూలు జ్వరం.