గల్లాపెట్టెలో పాట

బరంపురం గేట్ బజార్‌లో మా బట్టల కొట్టు. పొద్దున్న షట్టరు తీయగానే నాలుగు వైపుల నుంచీ ఫోన్ల పాటలు మొదలవుతాయి. పురుషోత్తంపూర్‌లో పెరిగిన నాకు పాటంటే జోగులు గుమ్మం ముందు నిలబడి, గొంతు జీరపోయినా ఆపకుండా పాడేది. పెళ్ళయి ఇక్కడికొచ్చాక అలాంటిది ఒక్కటీ చెవిన పడలేదు. మొహం వాచి ఉన్నాను.

పోయిన వేసవిలో ఒక జంట వచ్చింది. అతనికి జడలు కట్టిన జుట్టు, ఆమెకి నున్నటి గుండు. ఉద్యోగాలు వదిలేసి, చెప్పుల్లేకుండా ఊళ్ళు తిరుగుతూ పాడుకుంటున్నారట. పెళ్ళయిందా అని అడిగితే నవ్వారు. అతని చేతిలో కొబ్బరిచిప్పకి ఒకే తీగ బిగించిన కెందెరా. కమాను ఇలా లాగాడో లేదో, నా ఒళ్ళు ఝల్లుమంది. శ్రుతి కాస్త తప్పింది కూడా. ఆ తప్పడమే నాకు పిచ్చెక్కించింది.

మావయ్యగారు చెయ్యి అడ్డం పెట్టారు. "బోణీ అవనేదు. ఇప్పుడేటీ ఇవ్వకూడదు, ఎల్లండి."

"మాకేమీ వద్దు, ఊరికే పాడతాం," అందామె ఒడియాలో.

అది ఇంకా పెద్ద చిక్కు. బోణీకి ముందు ఊరికే ఇవ్వకూడదు సరే, ఊరికే పుచ్చుకోనూ కూడదని ఆయన పట్టుదల. వాళ్ళు వెనక్కి తిరిగారు. నా ప్రాణం ఉసూరుమంది.

"మావయ్యగారూ, నాను కొంటాను. ఓ తువ్వాలు ఇవ్వండి."

"ఇంట్లోవోళ్ళు కొంటే బోణీ ఏటమ్మా?"

"అయితే ఆళ్ళకే అమ్మండి. తువ్వాలు ఇచ్చి పాట పుచ్చుకోండి. బేరవే కదా."

ఆయన గెడ్డం గోక్కున్నారు. బేరమన్నాక కాదనడం ఆయన ఒంట్లో లేదు. "సగంలో ఆపితే బేరం నేదని సెప్పు," అన్నారు. ఆయనకి ఒడియా రాక కాదు, నాతో చెప్పించడం పెద్దరికం.

పాడారు. మైకు లేదు, తబలా లేదు. ఆటోల హారన్లు ఆగాయని అబద్ధం చెప్పను, మోగుతూనే ఉన్నాయి. అయినా ఆమె గొంతు వాటిని దాటుకుని వచ్చింది. నేను గజంబద్దతో బల్ల మీద తాళం వేశాను. చిన్నప్పుడు గుమ్మంలో విన్న పాటే, రెండో చరణానికి గొంతు కలిపేశాను. ఎదురు కిరాణా కొట్టాయన పొట్లం కట్టడం మాని నోరు తెరిచాడు. సిగ్గేస్తుందనుకున్నాను గానీ వేయలేదు. ఇంత సంతోషం నాకు పెళ్ళినాడు కూడా లేదు.

పాట అయ్యాక వాళ్ళు తువ్వాలు భుజాన వేసుకుని బయల్దేరబోయారు. మావయ్యగారు ఆపి, ఆమె ముందు ఖాళీ దోసిలి పట్టారు. ఆ దోసిలిని భద్రంగా కళ్ళకద్దుకుని, గల్లాపెట్టె తెరిచి అందులో వంపారు. పెట్టె మూయకుండా నా వైపు తిరిగారు.

"నువ్వు పాడింది కూడా ఎయ్యమ్మా," అన్నారు.